విండోస్ 95 రూపంలో ఉండే లైనక్స్: రోజూ వాడే మెషీన్‌లో పెట్టుకోవచ్చా?

#1 బూడిదకిటికీ

అందరికీ నమస్కారం. ఈ విభాగం ఎప్పుడూ చదువుతూనే ఉంటాను, ప్రశ్న అడగడం మాత్రం ఇదే మొదలు.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది. నా మెషీన్‌లో విండోస్ 11 ఎక్కదు. ర్యామ్ 8 జీబీ, ఎస్‌ఎస్‌డీ ఉంది, ఏ పనికీ మొరాయించదు. అలాంటి దాన్ని మూలన పడేయడానికి మనసొప్పడం లేదు. లైనక్స్‌కి వెళ్లడం ఖాయం చేసుకున్నాను. ఏ రూపంలో వెళ్లాలన్నదే ప్రశ్న.

నాకు కావలసింది తొంభైల నాటి తెర. బటన్ అంటే ఉబ్బెత్తుగా కనిపించాలి. స్క్రోల్ బార్ మౌస్ పెట్టినా పెట్టకపోయినా కంటికి ఆనాలి. ఏ విండో మీద పని చేస్తున్నానో టైటిల్ బార్ రంగు చూసి తెలిసిపోవాలి. సరదాగా ఒకసారి చూసి వదిలేయడానికి అడగడం లేదు. పొద్దున ఆన్ చేస్తే రాత్రి దాకా ఇందులోనే ఉండాలి: లిబ్రే ఆఫీస్, బ్రౌజర్, వీడియో మీటింగులు, కొంచెం పైథాన్, రోజూ తెలుగు టైపింగ్.

ఇప్పటిదాకా చూసినవి: ఎక్స్‌ఎఫ్‌సీఈ (తేలికైన లైనక్స్ డెస్క్‌టాప్) మీద వేసే చికాగో95 థీమ్, ట్రినిటీ డెస్క్‌టాప్‌తో వచ్చే క్యూ4ఓఎస్ అనే లైనక్స్, ఇంకా అన్నీ ముందే సర్ది పెట్టిన రెడీమేడ్ ఐఎస్‌ఓలు (ఇన్‌స్టాల్ ఫైళ్లు) కొన్ని. మెయిన్ మెషీన్‌లో ఇలాంటివి వాడుతున్న వాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎక్కడ ఇబ్బంది పడ్డారు?

#2 నల్లతెర

ఉన్నాం బ్రో. డెబియన్, ఎక్స్‌ఎఫ్‌సీఈ, పైన చికాగో95. పనంతా దీంట్లోనే. కళ్లు మూసుకుని దిగండి.

#3 కెర్నల్‌కబుర్లు

కళ్లు తెరుచుకునే దిగండి. నల్లతెర గారు చెప్పిన కాంబినేషన్ మంచిదే. అది ఎందుకు మంచిదో తెలిస్తే మిగతా వాటిని మీరే బేరీజు వేసుకోగలరు.

పాత రూపం అనగానే అన్నీ ఒకే గాటన కట్టేస్తాం. ఏ పొర పాతదో చూడాలి. కొత్త ఇంటికి పాత రంగు వేయడం వేరు, పాత ఇంటినే రిపేరు చేసుకుంటూ ఉండడం వేరు.

చికాగో95 మొదటి రకం. అందులో ఉన్నవి జీటీకే (బటన్లు, మెనూలు గీసే లైబ్రరీ) థీమ్, విండో అంచుల బొమ్మలు, ఐకాన్లు, కర్సర్లు, శబ్దాలు. అవి మీ హోమ్ ఫోల్డర్‌లోకి వెళ్లి కూర్చుంటాయి, అంతే. కింద నడిచే కెర్నల్, బ్రౌజర్, సెక్యూరిటీ అప్‌డేట్లు అందరికీ వచ్చేవే. థీమ్‌ని చూసుకునే వాళ్లు రేపు ఆపేసినా మీ సిస్టమ్‌కి ఏమీ కాదు. మహా అయితే ఒకచోట బటన్ అంచు వంకరగా కనిపిస్తుంది.

ట్రినిటీ రెండో రకం. కేడీఈ అనే డెస్క్‌టాప్ 3.5 వరుస 2005లో వచ్చింది. 2008 జనవరిలో కేడీఈ 4.0 వచ్చి అంతా మార్చేసినప్పుడు, పాతదే కావాలనుకున్న వాళ్లు ఆ కోడ్‌ని తీసుకుని కొనసాగించారు. దాని కింద ఉండే క్యూటీ3 లైబ్రరీని కూడా టీక్యూటీ3 పేరుతో వాళ్లే మోస్తున్నారు. 2011లో ఇంకో డెస్క్‌టాప్, గ్నోమ్ 3, వచ్చాక గ్నోమ్ 2ని మాటే పేరుతో నిలబెట్టింది కూడా ఇలాగే, కాకపోతే మాటే తర్వాత జీటీకే3కి మారింది. ఇక్కడ పాతది రూపం ఒక్కటే కాదు, కోడ్ కూడా. దాన్ని ఎవరు చూసుకుంటున్నారు, ఎంత చురుగ్గా చూసుకుంటున్నారు అనేది మీ భద్రతలో భాగమవుతుంది.

మూడో రకం హాట్‌డాగ్ లైనక్స్ లాంటివి. విండోస్ 3.1, అమీగా, అటారీ ఎస్టీ, పాత మ్యాక్ తెరలన్నీ ఆబ్జెక్టివ్-సీలో సొంతంగా రాసుకున్న ప్రాజెక్ట్ అది. చదవడానికి, నేర్చుకోవడానికి అద్భుతం. రోజంతా మీటింగులు పెట్టుకునే మెషీన్‌కి అది సరిపడదు.

ఇక రెడీమేడ్ ఐఎస్‌ఓలు. ఇక్కడే జాగ్రత్త. ఇన్‌స్టాల్ అయ్యాక ప్యాకేజీలు ఎక్కడి నుంచి వస్తున్నాయో రిపాజిటరీ (ప్యాకేజీలు దించుకునే సర్వర్, పొట్టిగా రెపో) జాబితా తెరిచి చూడండి. డెబియన్ లేదా ఉబుంటు సర్వర్లు, వాటి సెక్యూరిటీ రెపో కనిపిస్తే కొంత ఊపిరి పీల్చుకోవచ్చు. వాటితో పాటు ఎవరో ఒక్కరు నడిపే రెపో ఉండి, దాని కీ మీ సిస్టమ్ నమ్మే కీల్లో చేరి ఉంటే, ఆ ఒక్కరికి మీ మెషీన్‌లో రూట్ (పూర్తి అడ్మిన్) అధికారం ఇచ్చినట్టే లెక్క. వాళ్ల మీద అనుమానంతో అనడం లేదు. వాళ్ల ల్యాప్‌టాప్ ఎవరైనా దొబ్బేస్తే ఏమిటన్నది ప్రశ్న.

నా మాట ఒక్కటే: కంటికి కనిపించే పొర ఎంత పాతదైనా పర్వాలేదు. ఇంటర్నెట్‌ని తాకే పొర మాత్రం ఈ వారం అప్‌డేట్ అయ్యి ఉండాలి.

#4 సుడోసంధ్య

కెర్నల్‌కబుర్లు గారితో చాలావరకు ఏకీభవిస్తాను. కానీ ట్రినిటీని ఒక పేరాలో దాటేయకండి అన్నా, అది నా రోజువారీ డెస్క్‌టాప్.

ముందు, అది ఆగిపోయిన ప్రాజెక్ట్ కాదు. ఆర్14.0.0 2014 డిసెంబర్‌లో, ఆర్14.1.0 2023 ఏప్రిల్‌లో వచ్చాయి. ఆ తర్వాత కూడా చిన్న విడుదలలు వస్తూనే ఉన్నాయి. క్యూ4ఓఎస్ వాళ్లు దాన్ని డెబియన్ మీద కూర్చోబెట్టి ఇస్తారు కాబట్టి కింది పొర గురించి మీరన్న భయం అక్కడ తక్కువ. ట్రినిటీ వెర్షన్‌కి 256 ఎంబీ ర్యామ్ చాలని వాళ్ల సైట్‌లోనే రాసుకున్నారు. బ్రౌజర్ తెరిస్తే ఆ లెక్క చెల్లదనుకోండి, అది ఏ డెస్క్‌టాప్‌లోనైనా అంతే.

నేను దాన్ని వదలకపోవడానికి కారణం రంగులు కాదు, పనితనం. ఒక ఉదాహరణ చెబుతాను. ఆడియో సీడీ పెట్టి కాంకరర్‌లో (ట్రినిటీ ఫైల్ మేనేజర్, బ్రౌజర్ కూడా అదే) తెరిస్తే అందులో పాటలతో పాటు ఎంపీ3, ఓజీజీ అని ఫోల్డర్లు కనిపిస్తాయి. నిజానికి సీడీలో అలాంటి ఫోల్డర్లు లేవు. ఓజీజీ ఫోల్డర్‌లోంచి ఒక పాటని లాగి మీ డిస్క్ మీద వదిలితే, కాపీ అవుతూనే ఓజీజీగా మారిపోతుంది. వేరే ప్రోగ్రామ్ తెరవక్కర్లేదు, కన్వర్టర్ వెతుక్కోనక్కర్లేదు. ఎస్ఎస్‌హెచ్ (దూరపు మెషీన్‌కి భద్రంగా కనెక్ట్ అయ్యే పద్ధతి) మీద ఉన్న సర్వర్‌ని కూడా అడ్రస్ బార్‌లో రాసి మామూలు ఫోల్డర్‌లా తెరుస్తాను, కేట్ ఎడిటర్‌లో ఫైల్ మార్చి సేవ్ చేస్తే అది అక్కడే సేవ్ అవుతుంది. ఇరవై ఏళ్ల కిందట ఇంత ఆలోచించి కట్టిన దాన్ని పాతదని ఎలా తోసేస్తాం?

ఒక్క షరతు, బూడిదకిటికీ గారూ. కాంకరర్‌ని ఫైళ్లకే వాడండి. దాంతో వెబ్ తెరవకండి. లోపలున్న బ్రౌజర్ ఇంజన్ నేటి సైట్లకి, నేటి దాడులకి తయారైంది కాదు. ఫైర్‌ఫాక్స్ పెట్టుకోండి. మెయిల్‌కి కూడా నేను థండర్‌బర్డే వాడతాను.

#5 కెర్నల్‌కబుర్లు

> కాంకరర్‌ని ఫైళ్లకే వాడండి

ఈ ఒక్క వాక్యం పాటిస్తే ట్రినిటీ మీద నా అభ్యంతరం సగం తగ్గిపోతుంది.

#6 ఎదురుగాలి

ఇక్కడ ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. మీరు చెబుతున్నవన్నీ ఎక్స్11 మీద నడిచేవి. ఎక్స్11 అంటే తెర మీద విండోలు చూపించే, కీబోర్డ్, మౌస్ అందించే పాత పొర. దాని స్థానంలో వస్తున్న కొత్తది వేలాండ్. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన గ్నోమ్ 49లో ఎక్స్11 సెషన్‌ని డిఫాల్ట్‌గా తీసేశారు. తమ డెస్క్‌టాప్ ప్లాస్మా 6.8 నుంచి వేలాండ్ మాత్రమే అని కేడీఈ వాళ్లు ప్రకటించారు. అందరూ దిగిపోతున్న ఓడలోకి కొత్తగా ఎక్కమని సలహా ఇస్తున్నారు మీరు.

భవిష్యత్తు సంగతి పక్కన పెట్టినా, ఎక్స్11లో ఒక ప్రోగ్రామ్‌కీ ఇంకో ప్రోగ్రామ్‌కీ మధ్య గోడ లేదు. నమ్మకపోతే చేసి చూడండి. టెర్మినల్‌లో ఎక్స్‌ఇన్‌పుట్ టూల్‌ని టెస్ట్ మోడ్‌లో మీ కీబోర్డ్ నంబర్ ఇచ్చి నడపండి. తర్వాత బ్రౌజర్‌కి వెళ్లి ఏదైనా పాస్‌వర్డ్ టైప్ చేయండి. మీరు నొక్కిన ప్రతి కీ నంబరూ ఆ టెర్మినల్‌లో వరుసగా పడుతుంది. రూట్ అనుమతి అడగదు, హెచ్చరిక రాదు. మీ యూజర్ పేరు మీద నడిచే ఏ చిన్న ప్రోగ్రామైనా ఇది చేయగలదు. వేలాండ్‌లో ఇది డిజైన్‌లోనే కుదరదు.

స్క్రీన్ లాక్ కూడా అంతే. ఎక్స్11లో లాకర్ మామూలు ప్రోగ్రామ్. అది క్రాష్ అయితే దాని వెనకున్న డెస్క్‌టాప్ తెరుచుకుంటుంది. బ్యాంకు పనులు చేసే మెషీన్‌లో ఇది చిన్న విషయం కాదు.

#7 నల్లతెర

అంత టెన్షన్ అవసరమా బ్రో? నమ్మకమైన రెపో నుంచి తప్ప ఏదీ ఇన్‌స్టాల్ చేయకపోతే కీలు వినే ప్రోగ్రామ్ ఎక్కడి నుంచి వస్తుంది?

#8 ఎదురుగాలి

పైథాన్ రాస్తానన్నారు కదా ఆయన. పిప్‌తో తెచ్చుకునే ప్రతి లైబ్రరీ డెబియన్ వాళ్లు చూసి ఇచ్చింది కాదు. అక్కడి నుంచి వస్తుంది.

#9 కెర్నల్‌కబుర్లు

ఎదురుగాలి గారు చెప్పిన రెండు విషయాలూ నిజమే. వాటిని విడదీసి చూద్దాం.

భవిష్యత్తు గురించి: డెబియన్ 13 2025 ఆగస్టులో వచ్చింది. మూడేళ్లు మామూలు సపోర్ట్, ఆ తర్వాత ఎల్‌టీఎస్ (పొడిగించిన సపోర్ట్), మొత్తం 2030 దాకా. అందులో ఎక్స్‌ఆర్గ్ (ఎక్స్11ని నడిపే సర్వర్) ఉంది, దానికి సెక్యూరిటీ ప్యాచులు వస్తాయి. కాబట్టి ఇవాళ ఎక్కిన మనిషి రేపు నీళ్లలో పడడు. ఈలోపు ఎక్స్‌ఎఫ్‌సీఈ కూడా కదులుతోంది. 2024 డిసెంబర్‌లో వచ్చిన 4.20లో చాలా భాగాలు వేలాండ్ మీద ప్రయోగాత్మకంగా నడుస్తాయి. ఎక్స్11 డెస్క్‌టాప్‌ని మొత్తంగా వేలాండ్ మీద నడిపేందుకు వేబ్యాక్ అనే ప్రాజెక్ట్ కూడా మొదలైంది.

ఇప్పుడే వేలాండ్ కావాలంటే ల్యాబ్‌డబ్ల్యూసీ అనే విండో మేనేజర్ ఉంది. ఓపెన్‌బాక్స్ (ఎక్స్11 మీది విండో మేనేజర్) థీమ్ ఫైళ్లని చదువుతుంది కాబట్టి బూడిద రంగు టైటిల్ బార్లు, ఉబ్బెత్తు అంచులు దాదాపుగా వస్తాయి. రాస్‌బెర్రీ పై ఓఎస్ 2024లో దానికే మారింది, అంటే ఆటవస్తువు కాదు. కాకపోతే చికాగో95 ఇచ్చినంత పూర్తి రూపం అక్కడ రాదు, కొంత చేత్తో దిద్దుకోవాలి.

గోడ లేకపోవడం గురించి: నమ్మకం లేని కోడ్‌ని వేరే యూజర్ కింద గానీ, డిస్‌ప్లే అందని కంటైనర్‌లో గానీ నడపండి. వేలాండ్ ఉన్నా ఇది మంచి అలవాటే. మీ యూజర్ పేరు మీద నడిచే చెడ్డ ప్రోగ్రామ్ కీలు వినలేకపోయినా మీ ఫైళ్లన్నీ చదవగలదు, మర్చిపోకండి.

#10 అరసున్న

మధ్యలో చిన్న ప్రశ్న. నా దగ్గర 32 బిట్ ల్యాప్‌టాప్ ఒకటి ఉంది. ఈ పాత రూపాలు దానికే అతికినట్టు ఉంటాయి కదా, దాంట్లో పెట్టి రోజూ వాడొచ్చా?

#11 నల్లతెర

నెట్‌కి కనెక్ట్ చేయకుండా రాసుకోవడానికి, పాత ఆటలకి అయితే బ్రహ్మాండం. నెట్‌కి మాత్రం వద్దు. డెబియన్ 13లో 32 బిట్ పీసీలకి ఇన్‌స్టాలరే లేదు. క్రోమ్ 2016లోనే 32 బిట్ లైనక్స్‌ని వదిలేసింది. ఫైర్‌ఫాక్స్ 144తో ఆపేసింది, 140 ఈఎస్‌ఆర్ అనే ఎక్కువకాలం సపోర్ట్ ఉండే వెర్షన్‌కి మాత్రం 2026 సెప్టెంబర్ దాకా గడువు ఇచ్చారు.

#12 బూడిదకిటికీ

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. నా మెషీన్ 64 బిట్టే. డెబియన్ 13, ఎక్స్‌ఎఫ్‌సీఈ, చికాగో95 దారి పడుతున్నాను. ఎదురుగాలి గారు చెప్పిన ఎక్స్‌ఇన్‌పుట్ పరీక్ష లైవ్ యూఎస్‌బీలో చేసి చూశాను, అక్షరాలా నిజం. పైథాన్ పనికి వేరే యూజర్ పెట్టుకుంటాను.

ఇంకో రెండు సందేహాలు. నా మానిటర్ 4కే. లైవ్‌లో పెట్టి చూస్తే ఐకాన్లు, టైటిల్ బార్ చీమల్లా ఉన్నాయి. రెండోది, తెలుగు పేరున్న ఫైల్ తెరిస్తే టైటిల్ బార్‌లో వత్తులు కింద తెగిపోతున్నాయి. ‘శాస్త్రం’ అని పేరు పెడితే కింద త, ర వత్తులు రెండూ మాయం.

#13 గసడదవ

ఈ దారంలో నాకు పని పడింది. నెమ్మదిగా చదవండి, కొంచెం పొడుగు.

టైటిల్ బార్ సంగతి ముందు. విండోస్ 95లో టైటిల్ బార్ ఎత్తు 18 పిక్సెళ్లు. ఇంగ్లీషు అక్షరం గీత కిందికి కొంచెమే దిగుతుంది కాబట్టి ఆ ఎత్తు చాలింది. మనకి పైన గుడి, కింద వత్తు, ఆ వత్తు కింద ఇంకో వత్తు. ఎక్స్‌ఎఫ్‌సీఈ విండో మేనేజర్‌లో టైటిల్ బార్ ఎత్తుని ఫాంట్ నిర్ణయించదు, థీమ్‌లో ఉన్న బొమ్మ ఫైళ్ల ఎత్తు నిర్ణయిస్తుంది. మీరు ఫాంట్ పెంచినా పట్టీ పెరగదు, అక్షరమే తెగుతుంది.

దీనికి విరుగుడు రెండు రకాలు. తేలికైనది: డెబియన్‌లో నోటో ఫాంట్ల యూఐ కోర్ ప్యాకేజీ ఉంటుంది, అందులో ‘నోటో సాన్స్ తెలుగు యూఐ’ వస్తుంది. మామూలు నోటో సాన్స్ తెలుగుకీ దీనికీ తేడా ఏమిటంటే, మెనూలు, టైటిళ్లు లాంటి ఇరుకు చోట్ల పట్టేలా దీని నిలువు కొలతలు కుదించి ఉంటాయి. ఫాంట్‌కాన్ఫిగ్ (ఏ ఫాంట్ వాడాలో నిర్ణయించే) ఫైల్‌లో తెలుగుకి దీన్ని ముందు వరుసలో పెట్టండి. ఇంగ్లీషు అక్షరాలు మీ పాత ఫాంట్‌లోనే ఉంటాయి, తెలుగు వచ్చిన చోట మాత్రం ఇది అందుకుంటుంది. ఒక వత్తు ఉన్న పేర్లన్నీ దీంతో సర్దుకుంటాయి. ‘శాస్త్రం’ లాంటి వాటికి టైటిల్ ఫాంట్ సైజు ఒక పాయింట్ తగ్గించాల్సి రావచ్చు.

రెండోది ఓపిక ఉన్నవాళ్లకి. థీమ్‌ని వేరే పేరుతో కాపీ చేసుకుని, విండో మేనేజర్ ఫోల్డర్‌లో టైటిల్ బొమ్మలన్నిటినీ గింప్‌లో తెరిచి ఎత్తు పెంచండి. బటన్ల బొమ్మలకి పైనా కిందా అదే ఖాళీ ఇవ్వండి. నేను ఇలాగే చేసుకున్నాను. తొంభైల రూపం ఏమాత్రం చెడలేదు, తెలుగు పేరు హాయిగా ఒదిగింది. మన లిపికి చోటు ఇవ్వని డెస్క్‌టాప్ ఎంత అందంగా ఉన్నా నాకది సగం డెస్క్‌టాపే.

పాత బిట్‌మ్యాప్ ఫాంట్ల మీద ఒక హెచ్చరిక. ఎంఎస్ సాన్స్ సెరిఫ్ పాత ఫైల్ తెచ్చి పెడితే జీటీకే అప్లికేషన్లలో కనిపించదు. 2019లో జీటీకేలో అక్షరాలు పేర్చే లైబ్రరీ పాంగో 1.44 హార్ఫ్‌బజ్‌కి పూర్తిగా మారినప్పుడు పాత బిట్‌మ్యాప్ ఫార్మాట్లకి సపోర్ట్ పోయింది. ఓటీబీ (ఓపెన్‌టైప్ బిట్‌మ్యాప్) రూపంలోకి మార్చిన ఫాంట్ అయితే పనిచేస్తుంది. ఈ మార్పు వచ్చినప్పుడు చాలామంది విసుక్కున్నారు. కానీ మన వత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చేది ఆ హార్ఫ్‌బజ్జే కాబట్టి నేను మాత్రం సంతోషించాను.

ఇక 4కే. ఎక్స్‌ఎఫ్‌సీఈలో విండో స్కేలింగ్ 2 అని పెడితే జీటీకే అప్లికేషన్ల లోపలి భాగం రెట్టింపవుతుంది, విండో అంచులు మాత్రం చిన్నగానే ఉండిపోతాయి, ఎందుకంటే అవి స్థిరమైన బొమ్మలు. దీన్ని దాటడానికి కొందరు ఎక్స్‌రాండర్‌లో (తెర సెట్టింగులు మార్చే కమాండ్) స్కేల్ 0.5, ఫిల్టర్ నియరెస్ట్ అని ఇస్తారు. అప్పుడు డెస్క్‌టాప్ మొత్తం 1920×1080లో తయారై, ఒక్కో పిక్సెల్ నాలుగు పిక్సెళ్ల చదరంగా తెర మీద పడుతుంది. ఐకాన్లు, అంచులు కత్తితో కోసినట్టు వస్తాయి, 16, 32 పిక్సెళ్ల బొమ్మలకి అది చాలా న్యాయం చేస్తుంది.

కానీ తెలుగు చదివే కంటికి అది నష్టం. మన అక్షరాలన్నీ వంపులే. 4కే తెర మీద అవి నున్నగా కనిపిస్తాయి. సగం రిజల్యూషన్‌కి దించితే ‘ఘ’, ‘ఝ’ లాంటివి మెట్లు మెట్లుగా అయిపోతాయి. తెలుగు ఎక్కువ చదివేవాళ్లకి నా సలహా: స్కేలింగ్ 2 పెట్టుకోండి, ఎలాగూ టైటిల్ బొమ్మలు దిద్దుకుంటున్నారు కాబట్టి వాటిని రెట్టింపు సైజులో దిద్దుకోండి. రెట్టింపు చేసేటప్పుడు గింప్‌లో ఇంటర్‌పొలేషన్ ‘నన్’ అని ఎంచుకోండి, లేకపోతే అంచులు మసకబారతాయి.

టైపింగ్‌కి ఐబస్, దానికి ఎం17ఎన్ ప్యాకేజీ. ఇన్‌స్క్రిప్ట్, యాపిల్, ఐట్రాన్స్, ఆర్‌టీఎస్ అన్నీ అందులో ఉన్నాయి. ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఏ ఇబ్బందీ లేదు.

#14 సుడోసంధ్య

గసడదవ గారూ, దండాలు. ట్రినిటీ వాడేవాళ్ల కోసం ఒక్క మాట కలుపుతాను: అక్కడ టైటిల్ బార్ ఎత్తు చాలా అలంకరణల్లో ఫాంట్‌ని బట్టి పెరుగుతుంది, వత్తుల బాధ తక్కువ. టైపింగ్ మాత్రం ట్రినిటీ సొంత అప్లికేషన్లలో పాత ఎక్స్‌ఐఎం (ఎక్స్11 పాత ఇన్‌పుట్ పద్ధతి) దారిలో వెళుతుంది. అందుకే నేను తెలుగు పొడుగ్గా రాయాల్సి వస్తే లిబ్రే ఆఫీస్‌లోనే రాస్తాను.

#15 మసకవెన్నెల

నేను మామూలుగా చదివి వెళ్లిపోతాను. ఈ దారంలో అందరూ ఇది ఇష్టానికి సంబంధించిన విషయంగా మాట్లాడుతున్నారు కాబట్టి రాయాలనిపించింది. నాకిది అవసరం.

నా చూపు తక్కువ. ఇప్పటి డెస్క్‌టాపుల్లో తెల్లటి మీద లేత బూడిద గీత, గీత కూడా లేని బటన్, మౌస్ దగ్గరికి వెళితే తప్ప కనిపించని స్క్రోల్ బార్. అక్కడ ఏదో ఉందని తెలిస్తేనే మౌస్ పెడతాం కదా. తెలియకపోతే? చికాగో95లో ప్రతి బటన్‌కీ పైన, ఎడమ పక్క తెల్లటి గీత, కింద, కుడి పక్క నల్లటి గీత ఉంటాయి. నొక్కితే ఆ రెండూ తారుమారవుతాయి. అక్షరాలు చదవలేకపోయినా అది బటన్ అని, నొక్కుడు పడిందని నాకు తెలుస్తుంది. ముదురు నీలం టైటిల్ బార్ ఉన్న విండోలోనే నేను టైప్ చేస్తున్నానని తెర మొత్తం వెతక్కుండా తెలుస్తుంది.

ఆ రూపం ఎవరో గదిలో కూర్చుని గీసేసింది కాదు. విండోస్ 95 ఇంటర్‌ఫేస్‌ని మామూలు మనుషుల ముందు పెట్టి, వాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో చూసి, మళ్లీ మళ్లీ మార్చుకుంటూ వెళ్లారు. స్టార్ట్ బటన్, టాస్క్‌బార్ అలా పుట్టినవే. 1996 సీహెచ్ఐ (మనిషి-కంప్యూటర్ సంబంధాల పరిశోధన) సదస్సులో ఆ పరీక్షల మీద వాళ్లు పత్రం కూడా ప్రచురించారు. కొత్తవాళ్లకి డబుల్ క్లిక్ కష్టమని, విండో కింద ఇంకో విండో దాగితే అది పోయిందనే అనుకుంటున్నారని గమనించి ఆ టాస్క్‌బార్ పెట్టారు. ఇవాళ్టికీ నాకు కావలసింది అదే.

ఒక విషయం మాత్రం గట్టిగా చెబుతాను. తెర చదివి వినిపించే ఓర్కా అవసరమైన వాళ్లు ట్రినిటీ జోలికి వెళ్లకండి. ఓర్కాకి కావలసిన సమాచారాన్ని ట్రినిటీ అప్లికేషన్లు బయటికి ఇవ్వవు, కాబట్టి మౌనంగా ఉండిపోతుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ మీద చికాగో95 వేసుకుంటే ఓర్కా మామూలుగానే మాట్లాడుతుంది, ఎందుకంటే అడుగున ఉన్నది జీటీకే3.

#16 ఎదురుగాలి

మసకవెన్నెల గారూ, మీ పోస్ట్ చదివాక ఈ రూపాన్ని కొత్త పొరల మీదకి కూడా తేవాల్సిన అవసరం ఇంకా బలంగా కనిపిస్తోంది. ల్యాబ్‌డబ్ల్యూసీకి ఇలాంటి థీమ్ ఒకటి పూర్తిగా తయారు చేస్తే పరీక్షించి చెబుతారా? ముదురు నీలం, నలుపు తెలుపు గీతలు, పెద్ద టైటిల్ బార్, ఇవి ముందు పెట్టుకుంటాను.

#17 మసకవెన్నెల

తప్పకుండా చూస్తానండి. పని చేయని విండో టైటిల్ రంగు కూడా బాగా తేడాగా పెట్టండి.

#18 బూడిదకిటికీ

ఇన్‌స్టాల్ అయింది, ఇది అందులోంచే రాస్తున్నాను. యూఐ ఫాంట్‌తో వత్తులు బయటపడ్డాయి. వీడియో మీటింగ్‌లో స్క్రీన్ షేరింగ్ మొదటిసారికే పనిచేసింది.

మిగిలిన చిక్కు ఒక్కటే. కొన్ని అప్లికేషన్లు థీమ్‌ని లెక్క చేయడం లేదు. గ్నోమ్ వాళ్ల కొత్త టెక్స్ట్ ఎడిటర్ తెల్లగా, గుండ్రంగా వచ్చింది. ఫైర్‌ఫాక్స్ టైటిల్ బార్ లేదు, స్క్రోల్ బార్ మాయమవుతోంది. వీఎల్‌సీ ఇంకో రకంగా ఉంది. పక్కపక్కన పెడితే మూడు వేరు వేరు మెషీన్లలా ఉన్నాయి.

#19 కెర్నల్‌కబుర్లు

గ్నోమ్ ఎడిటర్ లిబ్‌అడ్వైటా అనే గ్నోమ్ లైబ్రరీ వాడుతుంది, అది బయటి థీములని కావాలనే పక్కన పెడుతుంది. దాంతో కుస్తీ పట్టకండి, అప్లికేషన్ మార్చండి. ఎడిటర్‌గా మౌస్‌ప్యాడ్ లేదా జీనీ, పీడీఎఫ్‌కి ఆట్రిల్, బొమ్మలకి రిస్ట్రెట్టో, ఫైళ్లకి థునార్. వీటన్నిటిలో మెనూ బార్ ఉంది, థీమ్ చక్కగా అంటుకుంటుంది. పాటలకి ఆడేషియస్ పెట్టండి, పాత విన్‌యాంప్ స్కిన్లు దాంట్లో నేరుగా పనిచేస్తాయి. ఫ్లాట్‌ప్యాక్‌లో (అప్లికేషన్‌ని సిస్టమ్‌కి విడిగా ఉంచే ప్యాకేజీ పద్ధతి) పెట్టినవి మీ థీమ్ ఫోల్డర్‌ని చూడలేవు, వాటికి ఆ ఫోల్డర్ చదివే అనుమతి విడిగా ఇవ్వాలి.

ఫైర్‌ఫాక్స్‌లో టూల్‌బార్ కస్టమైజ్ పేజీలో కింద ‘టైటిల్ బార్’ అని ఉంటుంది, టిక్ పెట్టండి. స్క్రోల్ బార్‌కి అబౌట్ కాన్ఫిగ్‌లో జీటీకే ఓవర్‌లే స్క్రోల్ బార్స్ అనే సెట్టింగ్‌ని ఫాల్స్ చేయండి.

#20 నల్లతెర

విండోస్ ప్రోగ్రామ్ ఏదైనా వైన్‌లో నడపాల్సి వస్తే, వైన్ కాన్ఫిగరేషన్‌లో డెస్క్‌టాప్ ఇంటిగ్రేషన్ ట్యాబ్‌కి వెళ్లి థీమ్ ‘నో థీమ్’ చేయండి. దాని అసలు రూపం 95 లాగే బూడిద రంగు, మీ డెస్క్‌టాప్‌లో కలిసిపోతుంది.

#21 గసడదవ

వీఎల్‌సీ క్యూటీ (జీటీకే లాంటి ఇంకో లైబ్రరీ) మీద నడుస్తుంది, దానికి జీటీకే థీమ్ పట్టదు. అయినా మీ పని తేలిక. క్యూటీలోనే ‘విండోస్’ అనే స్టైల్ మొదటినుంచీ ఉంది, అది గీసేది 95 నాటి ఉబ్బెత్తు బటన్లే. వీఎల్‌సీ 3 అయితే క్యూటీ5సీటీ (క్యూటీ రూపం మార్చే టూల్), కొత్త అప్లికేషన్లకి క్యూటీ6సీటీ ఇన్‌స్టాల్ చేసి, ప్లాట్‌ఫామ్ థీమ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఆ పేరు పెట్టి, స్టైల్ జాబితాలో ‘విండోస్’ ఎంచుకోండి. రంగుల పట్టికలో నేపథ్యాన్ని చికాగో95 బూడిదకి సరిపెట్టండి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ 192. ఒకసారి లాగౌట్ అయి రండి.

#22 బూడిదకిటికీ

లాగౌట్ అయి వచ్చాను. వీఎల్‌సీ, లిబ్రే ఆఫీస్, థునార్ మూడూ ఒకే బూడిదలో ఉన్నాయి. టైటిల్ బొమ్మలు గింప్‌లో రెట్టింపు చేస్తున్నాను, అయ్యాక ఆ థీమ్ ఫోల్డర్ ఇక్కడే పెడతాను. ఎదురుగాలి గారూ, మీ ల్యాబ్‌డబ్ల్యూసీ థీమ్‌కి అవే కొలతలు పనికొస్తాయేమో చూడండి.